గేటు బయటి పొగ

(కోవిడ్ విధుల్లో ప్రాణాలు విడిచిన ఆసుపత్రి సిబ్బంది స్మృతిలో బాలాపూర్‌లో చేసిన స్మారకోపన్యాసం, ముద్రణ పాఠం)



పోయినవాళ్ళ గుణగణాలు తలచుకోవడం స్మారకసభల ఆనవాయితీ. ఈరోజు మనం తలచుకుంటున్నవాళ్ళకు ఆ గౌరవం ఎప్పుడో దక్కాల్సింది, చాలామందికి దక్కలేదు. భారత వైద్య సంఘం లెక్క ప్రకారం కోవిడ్ మొదటి వేవ్‌లోనే దేశంలో 700 మందికి పైగా డాక్టర్లు చనిపోయారు. డాక్టర్లకైనా ఒక సంఘం ఉంది, లెక్క కట్టింది. నర్సులకు, ల్యాబ్ టెక్నీషియన్లకు, వార్డు బాయ్‌లకు, ఆయాలకు, శవాల గదిలో పనిచేసినవాళ్ళకు, ఊడ్చి తుడిచిన కాంట్రాక్టు కార్మికులకు అంత గట్టి లెక్క కూడా లేదు. అందుకే పొగడ్తతో సరిపెట్టకుండా, వాళ్ళు ఏ పరిస్థితుల్లో డ్యూటీ చేశారో చూడటమే వాళ్ళకు ఎక్కువ మర్యాద అని నా నమ్మకం. ఆ పరిస్థితుల్లో సభల్లో ఎవరూ ఎత్తని అంశం ఒకటుంది. అది మహమ్మారి రోజుల్లో ఆసుపత్రి సిబ్బంది తాగిన సిగరెట్, బీడీ, పీల్చిన వేప్, నమిలిన ఖైనీ. ఈ ప్రస్తావన చనిపోయినవాళ్ళను తప్పుపట్టడానికి తేలేదు. తప్పు ఎక్కడుందో చూపడానికి తెచ్చాను. ఆసుపత్రి తన సిబ్బందికి మాస్కు ఇచ్చింది, గ్లోవ్స్ ఇచ్చింది, పీపీఈ కిట్ ఇచ్చింది. కూర్చోవడానికి చోటు, ఊపిరి తీసుకోవడానికి వేళ, ముదిరిన వ్యసనానికి వైద్యం మాత్రం ఇవ్వలేదు. పొగాకు అలవాటు సిబ్బంది సొంత బలహీనత అని వదిలేసిన సంస్థ, తన వైద్యధర్మంలో ఒక భాగాన్ని గేటు బయట వదిలేసింది. నేను చెప్పదలచుకున్నది ఇదే.

ఈ మాట బాలాపూర్‌లో చెప్పడానికి తగిన కారణం ఉంది. తెలంగాణలో మొదటి కోవిడ్ కేసు 2020 మార్చి 2న బయటపడింది. రెండు నెలలు తిరక్కుండానే మన పక్కనున్న రీసెర్చ్ సెంటర్ ఇమారత్‌లో క్షిపణుల పని చేసే శాస్త్రవేత్తలు ఈఎస్ఐసీ మెడికల్ కాలేజీ వైద్యులతో కలిసి ఒక సంచార వైరాలజీ ప్రయోగశాలను తయారుచేశారు. 2020 ఏప్రిల్ 23న అప్పటి రక్షణమంత్రి రాజ్‌నాథ్ సింగ్ దాన్ని వీడియో ద్వారా ప్రారంభించారు. రోజుకు వెయ్యికి పైగా నమూనాలు పరీక్షించగల ల్యాబ్ సుమారు 15 రోజుల్లో సిద్ధమైంది. నెలలు పట్టే పని తలచుకుంటే రెండు వారాల్లో అవుతుందని ఈ ప్రాంతమే చూపింది. కాబట్టి ఆసుపత్రిలో ఒక విశ్రాంతి గది, పొగాకు మానిపించే ఒక చిన్న క్లినిక్ ఎందుకు పెట్టలేకపోయామంటే, వీలుకాక అని ఎవరూ చెప్పలేరు. అది అవసరమని ఎవరికీ తోచలేదు, అంతే. హైదరాబాద్ నగరంలో గాంధీ ఆసుపత్రిని పూర్తిగా కోవిడ్ ఆసుపత్రిగా మార్చారు. కింగ్ కోఠి, ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి, నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి, గచ్చిబౌలిలో కొత్తగా తెరిచిన టిమ్స్, అన్నీ ఆ భారాన్ని మోశాయి. మార్చి 22 నుంచి సెప్టెంబరు 7 దాకా మెట్రో నడవలేదు. దిల్‌సుఖ్‌నగర్, సరూర్‌నగర్, ఎల్బీనగర్ వైపు నుంచి ఆ ఆసుపత్రులకు వెళ్ళాల్సినవాళ్ళు డ్యూటీకి చేరడమే ఒక డ్యూటీ అయింది.

కోవిడ్ వార్డులో పని ఎలా సాగేదో ఒకసారి గుర్తు చేసుకుందాం. కిట్ వేసుకున్నాక నీళ్ళు తాగడానికి లేదు, మూత్రానికి వెళ్ళడానికి లేదు, ముఖం తుడుచుకోవడానికి లేదు. ఎండాకాలం హైదరాబాద్‌లో, ఏసీలు ఆపేసిన వార్డులో, ప్లాస్టిక్ తొడుగు లోపల గంటల తరబడి చెమట. డ్యూటీ అయ్యాక కిట్ విప్పడం కూడా ప్రమాదమే, ఒక్కో పొరనూ ఒక వరస ప్రకారం తీయాలి. అది ముగించి బయటకు వచ్చిన మనిషికి గాలి కావాలి, నీళ్ళు కావాలి, తోటిమనిషితో నాలుగు మాటలు కావాలి. పొగ అలవాటున్నవాడికి వీటన్నిటికంటే ముందు ఒక సిగరెట్ కావాలి. రక్తంలో నికోటిన్ రెండు గంటలకు సగమవుతుంది. ఆరు గంటలు కిట్‌లో ఉన్నవాడికి అది దాదాపు అడుగంటి ఉంటుంది. చేతులు వణకడం, విసుగు, తలనొప్పి, దేనిమీదా మనసు నిలవకపోవడం, ఇవన్నీ డ్యూటీ ముగిసేలోపే మొదలవుతాయి. ఆ చివరి గంటలో అతను ఎవరికో ఇంజక్షన్ చేస్తున్నాడని, ఎవరిదో ఆక్సిజన్ ఫ్లో సరిచూస్తున్నాడని మరచిపోకూడదు.

అక్కడి నుంచి అతను వెళ్ళే చోటు గేటు బయటి చాయ్ బండి, పక్కన పాన్ డబ్బా. లేదంటే ఆసుపత్రి మేడమీద నీళ్ళ ట్యాంకు వెనక, మెట్ల మలుపులో, మరుగుదొడ్డిలో. పొగ తాగాలంటే మాస్కు తీయక తప్పదు. ఒక్కడే తాగేది తక్కువ, ఇద్దరు ముగ్గురు కలిసి తాగేది ఎక్కువ. ఒకే లైటరు, ఒకే అగ్గిపెట్టె, ఒక్కోసారి ఒకే సిగరెట్ చేతులు మారుతుంది. తొలినాళ్ళలో చేతుల ద్వారా అంటుకోవడం గురించి ఎక్కువ భయపడ్డాం. అది అనుకున్నంత పెద్దది కాదని, వైరస్ ప్రధానంగా గాలి ద్వారానే సోకుతుందని తర్వాత తేలింది. దాంతో ఈ విషయం ఇంకా బలపడిందే కానీ తేలిక కాలేదు. మాస్కు లేకుండా మూరెడు దూరంలో ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకోవడమే కదా అసలు ప్రమాదం. ఆరుబయట కాస్త నయం, మెట్లగదిలో కాదు. ఆసుపత్రి సిబ్బందికి రోగి పక్కన ఉన్నప్పటికంటే తోటివాళ్ళతో తినేచోట, సేదతీరే చోట అంటుకునే ముప్పు ఉందని చాలా దేశాల్లో గమనించారు. రోగి దగ్గర కిట్ ఉంటుంది, స్నేహితుడి దగ్గర ఉండదు.

ఇక్కడ ఆగి ఇంకొకటి చూడాలి. నా వాదనకు ఇదే గుండెకాయ. పని ఒత్తిడి ఎక్కువున్న మన ఆసుపత్రుల్లో విరామం అనేది డ్యూటీ చార్టులో ఉండదు. ఉండేది దొంగచాటు విరామమే. దానికి అందరూ ఒప్పుకునే సాకు ఒక్కటే, దమ్ము కొట్టి రావడం. పొగ తాగేవాడు "రెండు నిమిషాలు" అని వెళ్ళి పది నిమిషాలకు వస్తే సూపర్‌వైజర్ చూసీచూడనట్టు ఊరుకుంటాడు. పొగ తాగని నర్సు అదే పది నిమిషాలు ఊరికే కూర్చుంటానంటే ఆమెకు ఏ సాకూ లేదు. మన దగ్గర నర్సుల్లో, ఆయాల్లో ఎక్కువమంది ఆడవాళ్ళు, పొగ తాగనివాళ్ళు. అంటే ఆసుపత్రి తనకు తెలియకుండానే సిగరెట్‌కు విరామాన్ని బహుమానంగా ఇస్తోంది, తాగని మనిషికి విశ్రాంతి ఎగ్గొడుతోంది. కొత్తగా డ్యూటీలో చేరిన కుర్ర వార్డు బాయ్‌కి, హౌస్ సర్జన్‌కి ఇది చాలా త్వరగా అర్థమవుతుంది. బయటకు వెళ్ళాలంటే, సీనియర్లతో కలవాలంటే, మనసులోది చెప్పుకోవాలంటే చేతిలో సిగరెట్ ఉండాలి. వ్యసనం మొదలయ్యేది బలహీనమైన మనసులోనే అనుకుంటాం. ఇలాంటి చోట అది పని పద్ధతిలోనే మొదలవుతుంది.

సిగరెట్ కోవిడ్ అంటుకోవడానికే కాదు, అంటుకున్నాక ముదరడానికీ దారి తీసింది. పొగ తాగేవాళ్ళకు కోవిడ్ తీవ్రమయ్యే అవకాశం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మే 11న ప్రకటించింది. బ్రిటన్‌లో 4 లక్షల 20 వేలమందికి పైగా వివరాలు పరిశీలించిన యూకే బయోబ్యాంక్ అధ్యయనంలో, ఎన్నడూ పొగ తాగనివాళ్ళతో పోలిస్తే తాగుతున్నవాళ్ళు కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరే అవకాశం 80 శాతం ఎక్కువని తేలింది. దీనికి తోడు ఆ రెండేళ్ళు ఇంటింటా వేలికి తగిలించుకున్న పల్స్ ఆక్సీమీటర్ సంగతి. సిగరెట్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ఆక్సిజన్‌కంటే 200 రెట్లకు పైగా బలంగా హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. మామూలు ఆక్సీమీటరు ఈ రెండింటికీ తేడా కనిపెట్టలేదు. కార్బన్ మోనాక్సైడ్ పట్టుకున్న రక్తాన్ని కూడా ఆక్సిజన్ నిండిన రక్తంగానే లెక్కిస్తుంది. అందువల్ల గట్టిగా పొగ తాగే మనిషి వేలిమీద కనబడిన అంకె అసలు ఆక్సిజన్‌కంటే కొన్ని పాయింట్లు ఎక్కువగా ఉండవచ్చు. 94కి తగ్గితే ఆసుపత్రికి రమ్మని చెప్పిన రోజుల్లో ఆ కొన్ని పాయింట్లు ఎంత ముఖ్యమో ఈ సభలో విడమరచి చెప్పనక్కర్లేదు. ఆ పరికరాన్ని రోగులకు తగిలించిన సిబ్బందే తమ వేలికి తగిలించుకున్నప్పుడు అది వాళ్ళకు సగం నిజమే చెప్పి ఉంటుంది.

పొగతో కోవిడ్ ముదురుతుందన్న మాటకు గట్టి అభ్యంతరం ఒకటి ఉంది, దాటవేయడం న్యాయం కాదు. 2020 ఏప్రిల్‌లో పారిస్‌లోని పిటియే సాల్పెత్రియేర్ ఆసుపత్రి వైద్యులు తమ దగ్గరికి వచ్చిన కోవిడ్ రోగుల్లో పొగ తాగేవాళ్ళు ఆశ్చర్యంగా తక్కువ ఉన్నారని చెప్పారు. పాశ్చర్ సంస్థకు చెందిన నాడీశాస్త్రవేత్త ఝాఁ పియెర్ షాఁజో నికోటిన్ వైరస్‌ను అడ్డుకుంటుందేమోనని ఒక ఊహ ముందుకు తెచ్చారు. జనం నికోటిన్ ప్యాచీల కోసం ఎగబడతారన్న భయంతో ఫ్రెంచ్ ప్రభుత్వం వాటి అమ్మకాల మీద పరిమితి పెట్టింది. ఆసుపత్రి సిబ్బంది మీదా, రోగుల మీదా ప్యాచీలతో ప్రయోగాలు మొదలయ్యాయి. ఆ వార్త మన ఫోన్లలోకి కూడా వచ్చింది, పొగ తాగేవాళ్ళకు అది చల్లని కబురయింది. తర్వాత ఏమైందన్నది అంత దూరం ప్రయాణించలేదు. వెంటిలేటర్ మీదున్న రోగులకు ప్యాచీలు వేసి, కొందరికి ఉత్తుత్తి ప్యాచీలు వేసి పోల్చిన ఫ్రెంచ్ పరీక్షలో నికోటిన్ వల్ల మరణాలు తగ్గలేదని 2022లో తేలింది. మెక్సికో రోగుల వివరాలతో, పొగ తాగేవాళ్ళకు కోవిడ్ తక్కువన్నట్టు చూపిన ఒక పత్రాన్ని యూరోపియన్ రెస్పిరేటరీ జర్నల్ 2021లో ఉపసంహరించుకుంది. రాసినవాళ్ళలో ఇద్దరు పొగాకు పరిశ్రమతో తమకున్న సంబంధాలు దాచారన్నది అందుకు కారణం. ఆసుపత్రిలో చేరే హడావుడిలో, ఊపిరాడని రోగిని పొగ అలవాటు గురించి సరిగా అడిగి రాసుకోరని, మూడు రోజులుగా తాగలేకపోతున్నవాడిని "మానేశాడు" అని రాస్తారని ఆసుపత్రిలో పనిచేసే ఎవరికైనా తెలుసు. తొలి అంకెల్లో పొగరాయుళ్ళు తక్కువ కనబడటానికి ఇదొక కారణం. ఒక ఊహను ఊహగా ముందుకు తేవడంలో శాస్త్రవేత్తల తప్పు లేదు. దాన్ని తేల్చకముందే ఊరటగా వాడుకోవడం ప్రాణాలమీదికి తెచ్చే పని.

వైద్యులకు ఈ పాఠం కొత్త కాకూడదు. పొగాకు మనిషిని చంపుతుందన్న నిజం తేల్చింది వైద్యుల శరీరాలే. 1951లో రిచర్డ్ డాల్, ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ బ్రిటన్‌లోని డాక్టర్లకు ఉత్తరాలు రాసి వాళ్ళ పొగ అలవాట్లు అడిగారు. సుమారు 40 వేలమంది జవాబిచ్చారు. వారిలో 34 వేలకు పైగా మగ డాక్టర్లను 50 ఏళ్ళపాటు వెంటాడి, ఎవరు ఎప్పుడు దేనితో చనిపోయారో రాసుకున్నారు. జీవితాంతం పొగ తాగినవాళ్ళు తాగనివాళ్ళకంటే సగటున పదేళ్ళు ముందే పోయారని 2004లో వచ్చిన ఆఖరి నివేదిక చెప్పింది. 30 ఏళ్ళకు మానేసినవాడు ఆ పదేళ్ళూ తిరిగి సంపాదించుకున్నాడు, 40కి మానితే తొమ్మిది, 50కి మానితే ఆరు, 60కి మానినా మూడేళ్ళు. ఏ వయసులో మానినా ఎంతో కొంత దక్కింది. ఇది నాకు ఎప్పుడు చదివినా ఊరటనిచ్చే లెక్క, ఎందుకంటే ఇందులో "ఇక ఆలస్యమైంది" అన్న గడి లేదు. ఆ డాక్టర్లు తమ రంగం తేల్చిన ఫలితాన్ని తమ కళ్ళతో చదివి పెద్దసంఖ్యలో సిగరెట్ వదిలేశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో పొగాకు వ్యతిరేక దినాన్ని ఆరోగ్య వృత్తుల వారికే కేటాయించింది. పొగ తాగే డాక్టరు రోగికి మానమని చెప్పడానికి మొహమాటపడతాడని, చెప్పినా తేలిగ్గా చెబుతాడని చాలా దేశాల అధ్యయనాలు చూపించాయి. రోగి మాత్రం డాక్టరు చొక్కాలోంచి వచ్చే వాసనను ఇట్టే పసిగడతాడు.

"అంతా నిజమే, కానీ ఆ రోజుల్లో వాళ్ళు పడిన నరకానికి ఒక సిగరెట్ కూడా వద్దంటారా" అని మనసున్న ఎవరైనా అడుగుతారు. 2020 జూన్‌లో గాంధీలో జూనియర్ డాక్టర్ మీద రోగి బంధువులు దాడి చేశాక డాక్టర్లు రోడ్డెక్కారు. జూలైలో ఔట్‌సోర్సింగ్ నర్సులు, సిబ్బంది జీతాల కోసం సమ్మె చేశారు. ఇంటికి వెళ్తే పిల్లలకు అంటుతుందని భయం, వెళ్ళకపోతే ఇల్లు గడవదని దిగులు. కొన్ని కాలనీల్లో ఇంటి యజమానులు ఆసుపత్రి వాళ్ళను గది ఖాళీ చేయమన్నారు. అలాంటి మనిషి చేతిలోంచి సిగరెట్ లాక్కోమని నేను అనడం లేదు. ఆ సిగరెట్ అతనికి నిజంగా ఏమిచ్చిందన్నదే నా ప్రశ్న. నికోటిన్ తగ్గినప్పుడు పుట్టే చిరాకును నికోటినే తగ్గిస్తుంది. తాగేవాడికి అది పని ఒత్తిడి తగ్గినట్టు అనిపిస్తుంది. తాగనివాడికి అసలు ఆ చిరాకే ఉండదు. 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక సమీక్ష, పొగ మానేసినవాళ్ళనూ మాననివాళ్ళనూ పోల్చిన 26 అధ్యయనాలను కలిపి చూసింది. మానినవాళ్ళలో ఆందోళన, కుంగుబాటు, ఒత్తిడి తగ్గాయి, మనసు బాగుపడింది. చాయ్ బండి దగ్గర ఆ పది నిమిషాల్లో నిజంగా సేదతీర్చినవి వేరే ఉన్నాయి. కిట్ లేని ఒళ్ళు, బయటి గాలి, పక్కనున్న మనిషి. ఆ మూడూ సిగరెట్ లేకుండా ఇవ్వవచ్చు, ఇవ్వాల్సింది ఆసుపత్రి. ఇవ్వకపోతే వాటిని సిగరెట్ పేరుతో కొనుక్కోవడం తప్ప సిబ్బందికి వేరే దారి లేకుండా చేసినట్టే.

వేప్ సంగతికి వస్తే, మన దేశంలో ఈ-సిగరెట్లను 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్స్‌తో నిషేధించారు, డిసెంబరులో అది చట్టమైంది. తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటన, నిల్వ అన్నీ నేరాలు. నిల్వ తప్ప మిగతావాటికి మొదటిసారి పట్టుబడితే ఏడాది దాకా జైలు, లక్ష దాకా జరిమానా. తాగడాన్ని మాత్రం ఆ చట్టం ప్రత్యేకంగా నేరమనలేదు. నిషేధం ఉన్నాక వేప్ గురించి మాట్లాడటమెందుకని కొందరంటారు. నిషేధం ఉన్న సరుకు దొరక్కుండా పోదు, దాక్కుంటుంది. వాసన తక్కువ, నిప్పు లేదు, జేబులో పెన్నులా ఉంటుంది. కాబట్టి అది చేరే చోటు ఆరుబయట కాకుండా మరుగుదొడ్డి, డ్యూటీ రూం, కారు లోపల. అంటే గాలి ఆడని చోట మాస్కు తీయడం. అమెరికాలో 2019లో మొదలైన వేపింగ్ ఊపిరితిత్తుల జబ్బుతో 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది ఆసుపత్రుల పాలయ్యారు, 68 మంది చనిపోయారు. ఎక్కువ కేసుల్లో దానికి కారణం గంజాయి సారం ఉన్న ద్రవాల్లో కలిపిన విటమిన్ ఇ అసిటేట్. మామూలు నికోటిన్ వేప్‌ను దానితో కలిపేసి భయపెట్టడం సరికాదు. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2020 ఆగస్టులో, వేప్ వాడే అమెరికన్ యువతకు కోవిడ్ నిర్ధారణ అయ్యే అవకాశం ఐదు రెట్లు ఎక్కువని చెప్పారు. అయితే అది జనం చెప్పిన జవాబుల మీద ఆధారపడిన సర్వే, కారణాన్ని రుజువు చేసేది కాదు. ఇంకో వైపు, సిగరెట్ మానడానికి నికోటిన్ ఈ-సిగరెట్ గమ్, ప్యాచీలకంటే ఎక్కువ పనిచేస్తుందని కొక్రేన్ సమీక్ష తేల్చింది, ఇంగ్లండ్ వైద్య వ్యవస్థ దాన్ని ఆ పనికి వాడుతోంది. ఇది నిజం, ఒప్పుకోవాలి. కానీ అక్కడ అందులో ఏముందో తనిఖీ చేసే వ్యవస్థ ఉంది, పక్కన సలహాదారు ఉన్నాడు. ఇక్కడ దొంగదారిన వచ్చే గొట్టంలో ఎంత నికోటిన్ ఉందో అమ్మేవాడికే తెలియదు. చట్టం మూసిన ఆ దారి గురించి వాదించే ముందు, చట్టం తెరిచి ఉంచిన దారులైనా మన ఆసుపత్రులు వాడాయా అని అడగాలి.

సిగరెట్ విషయంలో చట్టం ఎంతవరకు పనికొచ్చిందో కూడా చూద్దాం. 2003 నాటి పొగాకు ఉత్పత్తుల చట్టం కింద 2008 అక్టోబరు 2 నుంచి బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగడం నిషిద్ధం, ఆసుపత్రులు ఆ జాబితాలో ఉన్నాయి, జరిమానా 200 రూపాయల దాకా. విద్యాసంస్థలకు వంద గజాల లోపు పొగాకు అమ్మకూడదు. ఆ వంద గజాల రక్షణ ఆసుపత్రులకు లేదు. కాలేజీతో కలిసి ఉన్న పెద్దాసుపత్రికి విద్యాసంస్థ హోదాలో రక్షణ దొరుకుతుంది, మన వనస్థలిపురం, మలక్‌పేట ఏరియా ఆసుపత్రుల వంటి వాటికి ఆ దన్ను లేదు. పాన్ డబ్బాలో విడి సిగరెట్ కొన్నవాడికి పెట్టె మీద 85 శాతం పరచిన హెచ్చరిక బొమ్మ కూడా కనబడదు. 2020 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం బహిరంగంగా పాన్, పొగాకు నమిలి ఉమ్మడాన్ని నిషేధించింది. ఏప్రిల్ 15న కేంద్రం గుట్కా, పొగాకు అమ్మకాలే ఆపమంది. ఉమ్మును ఆపడం మంచిదే. వార్డులు ఊడ్చేవాళ్ళలో, శవాలు మోసేవాళ్ళలో ఖైనీ, జర్దా నమిలేవాళ్ళున్నారు, వాళ్ళకది ఆకలిని, వాసనను చంపే మందు. అమ్మకం ఆపినరోజు వాళ్ళకు బదులుగా ఏమిచ్చాం? ఏమీ ఇవ్వలేదు. సరుకు చాటుమాటుగా రెండింతల ధరకు దొరికింది. అదే సమయంలో మద్యం, కల్లు హఠాత్తుగా ఆగిపోయినవాళ్ళు వణుకుతో, మతిభ్రమతో ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి వరసకట్టారు. పొగాకు ఆగితే మద్యంలాగా ప్రాణం మీదికి రాదు, ఆ తేడా ఉంది. వైద్యం లేకుండా సరుకు మాత్రమే ఆపితే వ్యసనం ఎక్కడికీ పోదన్నది మాత్రం రెండుచోట్లా ఒకటే.

"ఆక్సిజన్ లేక జనం చనిపోతుంటే సిగరెట్ గురించి మాట్లాడతారా" అన్నది ఇంకో అభ్యంతరం. 2021 ఏప్రిల్, మే నెలల్లో ఎవరూ దీని గురించి మాట్లాడి ఉండరు, మాట్లాడాల్సిన వేళా కాదు. నేను మాట్లాడేది మామూలు రోజుల గురించి. విశ్రాంతి గది, పొగాకు మానిపించే క్లినిక్ మంటలంటుకున్నాక తవ్వే బావులు కావు. పైగా ఆక్సిజన్ నిండిన వార్డుల్లో నిప్పు ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు. 2020 ఆగస్టు 9న విజయవాడలో ఒక హోటల్‌లో నడిచిన కోవిడ్ కేంద్రంలో మంటలు లేచి 10 మంది చనిపోయారు. దానికి సిగరెట్ కారణమని ఎవరూ అనలేదు, నేనూ అనడం లేదు. శానిటైజర్ తడి ఆరని చేతులు, మెట్లకింద గుట్టుగా వెలిగించిన అగ్గిపుల్ల, గోడ అవతల ఆక్సిజన్ గొట్టాలు ఉన్న భవనంలో చాటుమాటు పొగను చిన్న విషయమనడం మాత్రం నాకు సాధ్యం కాదు.

పొగ అలవాటు సిబ్బంది సొంత విషయమనేవాళ్ళకు ఒకటే చెబుతాను. ఎక్స్‌రే గదిలో పనిచేసేవాడికి సీసం తొడుగు ఇవ్వడాన్ని అతని సొంత విషయమని ఎవరూ అనరు. పని స్థలం పెంచి పోషించిన ప్రమాదం పని స్థలం బాధ్యతే. ప్రభుత్వాల చేతులూ ఇందులో శుభ్రంగా లేవు. 1930లో మొదలైన వజీర్ సుల్తాన్ టొబాకో ఆజమాబాద్‌లో ఉంది, గాంధీ ఆసుపత్రికి పెద్ద దూరం కాదు. మన నగరపు గుర్తయిన చార్మినార్‌ను సిగరెట్ పెట్టె మీదికెక్కించిన కంపెనీ అది. పొగాకు బోర్డు గుంటూరులో, పొగాకు పరిశోధన కోసం పెట్టిన సంస్థ రాజమండ్రిలో, బీడీలు చుట్టే వేలాది అక్కచెల్లెళ్ళు నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్లల్లో. పండించడానికి, చుట్టడానికి, పన్ను వసూలు చేయడానికి వ్యవస్థ కట్టుకున్న సమాజం, మానిపించడానికి కూడా అంతే పద్ధతిగా ఒక వ్యవస్థ కట్టాలి.

ఆ పనికి కావలసినవన్నీ ఇప్పటికే చేతికందేలా ఉన్నాయి. 2016-17 జాతీయ సర్వేలో దేశంలో పెద్దల్లో 28.6 శాతం, తెలంగాణలో 17.8 శాతం ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నట్టు తేలింది. పొగ తాగేవాళ్ళలో సగానికి పైగా మానాలని అనుకుంటున్నట్టు చెప్పారు. అంటే ఎదుటివాణ్ణి ఒప్పించే కష్టం సగం తగ్గినట్టే, కావలసింది చేయూత. నికోటిన్ గమ్, ప్యాచీలు 2022లో జాతీయ అత్యవసర మందుల జాబితాలో చేరాయి, ఆసుపత్రి ఫార్మసీలో పెట్టడానికి ఇక ఏ అడ్డూ లేదు. కిట్ వేసుకునే ముందు ఒక ప్యాచీ అంటించుకున్న సిబ్బందికి ఆరు గంటల డ్యూటీలో నికోటిన్ కొరతతో చేతులు వణకవు, కిట్ విప్పగానే మెట్లకిందికి పరుగెత్తే పనీ తగ్గుతుంది. ప్రతి షిఫ్టులో, తాగేవాళ్ళకూ తాగనివాళ్ళకూ సమానంగా, చార్టులో రాసిన విరామం ఉండాలి, దానికి గాలాడే చోటు ఉండాలి. ఔట్‌సోర్సింగ్ సిబ్బందికి అది కాంట్రాక్టులోనే రాయాలి, లేకపోతే వాళ్ళకు చేరదు. ఉద్యోగంలో చేరేటప్పుడు పొగాకు అలవాటు అడిగి, ఉన్నవాళ్ళకు శిక్ష భయం లేకుండా వైద్యం మొదలుపెట్టాలి. ఆసుపత్రి చుట్టూ వంద గజాల మేర అమ్మకం ఆపే నియమం రాష్ట్రం తేవాలి, ఇవన్నీ అమలులోకి వచ్చాకే తేవాలి, ముందు కాదు.

గడ్డిఅన్నారం పాత పండ్ల మార్కెట్ స్థలంలో ఎల్బీనగర్ టిమ్స్‌కు 2022 ఏప్రిల్ 26న శంకుస్థాపన చేశారు. వెయ్యి పడకల ఆసుపత్రి అది, అందులో పనిచేసే వేలమందిలో మన పిల్లలూ ఉంటారు. ప్రజాప్రతినిధులు ఆ ఆసుపత్రి గురించి మన కాలనీలకు వచ్చి మాట్లాడినప్పుడు పడకల సంఖ్యతో పాటు సిబ్బంది కూర్చునే గదులెన్ని, పొగాకు మానిపించే వైద్యుడు ఏ రోజుల్లో ఉంటాడు అని కూడా అడగండి. ఈ సభలో డ్యూటీ నుంచి నేరుగా వచ్చినవాళ్ళున్నారు, జేబులో సిగరెట్ పెట్టె ఉన్నవాళ్ళూ ఉండవచ్చు. జాతీయ పొగాకు విరమణ సహాయకేంద్రం నంబరు 1800-11-2356. కాల్‌కు డబ్బు పడదు, తెలుగులో మాట్లాడవచ్చు.